ఎవరూ చావని చావు కబురు

నేను ఒక లౌడ్ స్పీకర్ని. నాగులకుంటలో అందరూ నన్ను మైకు అంటారు గానీ, అసలు మైకు అనేది కింద పంచాయతీ ఆఫీసులో ఎల్లాగౌడు చేతిలో ఉండేది. మాట్లాడేది ఆయన, అరిచేది నేను. అయినా తిట్లన్నీ నాకే వచ్చేవి. పొద్దు పొడవకముందే ఊరి నెత్తినెక్కి గొంతు చించుకుంటుందని, దీని నోరు పడిపోనని ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టేవారు. ఒకాయన ఏకంగా రాయి విసిరాడు. ఆ సొట్ట ఇప్పటికీ నా దవడ మీద ఉంది.

నేను పుట్టింది హైదరాబాదు పక్కన ఒక రేకుల షెడ్డులో. అల్యూమినియం రేకును అచ్చుకు పెట్టి తిప్పి, సాగదీసి, ఈ వెడల్పాటి మూతి చేశారు. అక్కణ్నుంచి నన్ను కొనుక్కొచ్చినవాడు టెంటుహౌసు ఐలయ్య. పెళ్లిళ్లకూ బోనాలకూ నన్ను తిప్పాడు. అన్నిటికన్నా ఎక్కువ పని మాత్రం ఎన్నికలప్పుడే. పొద్దున ఒక పార్టీ ఆటో మీద ఎక్కించేవాడు, మధ్యాహ్నం దించి ఇంకో పార్టీ ఆటోకు కట్టేవాడు. నాకేమీ ఇబ్బంది ఉండేది కాదు, ఎందుకంటే చెప్పే మాటలు మారేవి కావు. జెండా మారేది, డ్రైవరు మారేవాడు, పండించిన ప్రతి గింజా కొంటామనే మాట మాత్రం రెండు పూటలా నా నోటి నుంచే వచ్చేది. అది నిజమేనని నేనూ నమ్మాను. అప్పటికి చిన్నతనం.

ఆ ఎన్నికల్లో గెలిచిన సర్పంచి నన్ను ఐలయ్య దగ్గర కొని పంచాయతీకి ఇచ్చాడు. ఆయన ఊరికి చేసిన పనుల్లో నేనే మొదటిదాన్ని. చాలాకాలం నేనే చివరిదాన్ని కూడా. నీళ్ల ట్యాంకు మీద నన్ను కట్టి, మైకును కారోబారు ఎల్లాగౌడు చేతికిచ్చారు. కారోబారు అంటే పంచాయతీలో అన్ని పనులూ చేసి ఏ పనికీ పేరు రాని మనిషి. ఇంటి పన్ను అడగాలన్నా, నల్లా తిప్పాలన్నా, కుక్కల్ని పట్టేవాళ్లను పిలిపించాలన్నా ఆయనే. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టుది, ఎప్పుడైనా తీసేయవచ్చు.

ఊరు లోకంతో పాటు నడవాలని సర్పంచి కోరిక. అందుకని రోజూ పొద్దున రేడియోలో వచ్చే ప్రాంతీయ వార్తల్ని నా ద్వారా ఊరంతటికీ వినిపించేవారు. దేశ ఆర్థిక వ్యవస్థ దూసుకుపోతోందని నేను చెబుతుంటే కింద నల్లా దగ్గర బిందెల కోసం కొట్టుకునేవారు. ద్రవ్యోల్బణం అదుపులో ఉందని నేను చెప్పిన రోజే కిరాణా కొట్టులో నూనె ధర మీద గొడవ జరిగేది. ఎగుమతులపై ఆంక్షలు విధించారని, వాటిని సడలించారని, సడలింపుపై పునరాలోచన చేస్తున్నారని వరసగా చెప్పేదాన్ని. ఒక ముసలాయన ఈ ద్రవ్యోల్బణం ఎవరని ఎల్లాగౌడును అడిగాడు. అది మనదాకా రాదని, వచ్చినా మనకు చెప్పి రాదని ఆయన సముదాయించాడు.

వార్తలయ్యాక మండలం నుంచి వచ్చిన కాగితాలు ఎల్లాగౌడు చదివేవాడు. వాటి తెలుగు ఎంత గట్టిగా ఉండేదంటే, నమలలేక ఆయన మధ్యలో ఆగి నీళ్లు తాగేవాడు. చదవడం అయ్యాక, అర్థమైనవాళ్లు ఆఫీసుకు వచ్చి తనకూ చెప్పాలని మైకులోనే కోరేవాడు. ఒక్కరూ వచ్చేవారు కాదు. ఇక వర్షం సంగతి. తేలికపాటి నుంచి ఒక మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉందని ఎండాకాలమంతా చెప్పించారు నాచేత. దాంతో వాన వస్తుందని నేను చెబితే చాలు, ఆరుబయట వడియాలు పెట్టుకునేంత ధైర్యం వచ్చేసింది జనానికి.

నా మాట వాళ్లు చెవిన పెట్టేది ఒక్క సందర్భంలోనే. ఊళ్లో ఎవరైనా చనిపోతే ఎల్లాగౌడు మైకును వేలితో మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. అంతే, రోట్లో రోకలి ఆగేది. చేలల్లో ఉన్నవాళ్లు కూడా పని ఆపి ట్యాంకు వైపు తిరిగేవారు. చావు కబురు వింటే ఇంటికొక మనిషి రావాలన్నది నాగులకుంట కట్టుబాటు. పగ ఉన్నా, పలకరింపులు లేకపోయినా రావాలి. వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడకూడదు, ఏదో ఒక సాయం పట్టాలి. కార్యం పూర్తయి ఒళ్లు తడుపుకున్నాకే గడప తొక్కాలి. ఢిల్లీ సంగతులు చెప్పినన్నాళ్లు నన్ను చీదరించుకున్న ఊరు, ఆ మూడు దెబ్బలకు మాత్రం తల వంచేది. నాకు అది గర్వంగానూ ఉండేది, సిగ్గుగానూ ఉండేది.

ఇప్పుడు కొమురవ్వ సంగతి చెప్పాలి. భర్త పోయాక కోడల్ని వెంటేసుకుని పరాయివాళ్ల భూమి కౌలుకు చేసే మనిషి. ఆ యాసంగిలో, అంటే రబీలో, వరి బాగా పండింది. కోసి, ఊరి చివర కొనుగోలు సెంటరుకు తోలింది. అక్కడ మిషను పెట్టి చూసి తేమ కొంచెం ఎక్కువుందన్నారు. ఆరబోసింది. ఆరాక సంచులు లేవన్నారు. సంచులు వచ్చాక లారీ రాలేదు. లారీ వచ్చేసరికి మళ్లీ తేమ ఎక్కువైందన్నారు. మద్దతు ధర పెంచారన్న వార్తను నేను పైనుంచి చెబుతుంటే, ఆమె కింద వడ్లలో కాళ్లీడ్చుకుంటూ వాటిని తిరగేస్తూ ఉండేది. ఆ వడ్లు మొలకెత్తితే కౌలు కట్టడం ఆమె వల్ల కాదు. కౌలు కట్టకపోతే భూమి వేరేవాళ్లకు ఇస్తానని ఆసామి ముందే చెప్పాడు. ఆమె బతుకంతా ఆ కల్లంలో ఎండకు పరిచి ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం రాజధానిలో రైతు సంక్షేమంపై పెద్ద సదస్సు. ప్రసంగాన్ని మొదటి నుంచి చివరి దాకా ప్రతి ఊళ్లోనూ వినిపించాలని, మధ్యలో ఆపితే బాధ్యులపై చర్యలుంటాయని ఆర్డరు వచ్చింది. నేను వినిపిస్తున్నాను. రైతే రాజని, రైతు కంట కన్నీరు రానివ్వమని ఎవరో పెద్దమనిషి ఉద్వేగంతో చెబుతున్నాడు. ఊరు తలుపులేసుకుని పడుకుంది. అప్పుడు పడమట నల్లగా మబ్బు లేచింది. ట్యాంకు మీద ఉంటాను కనుక అందరికన్నా ముందు చూసింది నేనే. చెప్పడానికి నాకంటూ మాట లేదు కదా, ప్రసంగమే చెబుతూ ఉన్నాను.

కొమురవ్వ ఉరుక్కుంటూ ఆఫీసుకు వచ్చింది. కోడలు ఒక్కతే వడ్లు కుప్పచేస్తోందని, ఇద్దరి వల్లా అయ్యే పని కాదని, మైకులో చెబితే నలుగురూ వస్తారని అడిగింది.

"మీటింగు నడుస్తున్నది కొమురక్కా. బందు చేస్తే నా నౌకరి పోతది" అన్నాడు ఎల్లాగౌడు.

"నీ నౌకరి పోతే నీకు కల్లు గీసే తాళ్లున్నయి ఎల్లన్నా, ఎక్కి బతుకుతవ్. నా వడ్లు తడిస్తే నేనేం ఎక్కాలె?"

ఎల్లాగౌడు గుమ్మం దాకా వచ్చి మబ్బును చూశాడు. వాన వస్తుందని చెబితే ఈ ఊళ్లో ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. అలా నమ్మకుండా చేసింది మేమిద్దరమే. చివరికి రైతు కన్నీటి దగ్గర ప్రసంగాన్ని ఆపేశాడు. మైకును వేలితో మూడుసార్లు కొట్టాడు. మన ఊళ్లో చావు జరిగిందని, ఇంటికొకరు కొనుగోలు సెంటరు దగ్గరికి రావాలని చెప్పాడు. ఎవరిదో చెప్పలేదు.

తలుపులు తెరుచుకున్నాయి. తువ్వాలలు భుజాన వేసుకుని, పూలదండ దొరికినవాళ్లు దండతో, అందరూ సెంటరుకు పరుగెత్తారు. వడ్ల లారీ కింద ఎవరో పడి ఉంటారనుకున్నారు కొందరు. వెళ్లి చూస్తే శవం లేదు, ఏడుపు లేదు. నెత్తి మీద మబ్బు, నేలంతా వడ్లు, మధ్యలో కొమురవ్వ. ఎవరు పోయారని అడిగారు.

"ఇంకా పోలే. మీరు తలా ఓ చెయ్యేస్తే పోదు" అంది ఆమె.

తిట్టుకున్నవాళ్లున్నారు. కానీ చావుకని వచ్చి సాయం పట్టకుండా వెనక్కి పోయిన మనిషి ఆ ఊళ్లో లేడు, తానే మొదటివాణ్ని కావాలని ఎవరికీ అనిపించలేదు. దండలు పక్కన పెట్టారు. కొందరు పారలతో నెట్టారు, కొందరు తట్టలతో ఎత్తారు, టార్పాలిన్లు పరిచి అంచుల మీద రాళ్లు పెట్టారు. చివరి రాయి పెట్టేసరికి వాన విరుచుకుపడింది. అందరూ తడిసి ముద్దయి ఇళ్లకు పోయారు, ఇక వేరే స్నానం అక్కర్లేకపోయింది. ట్యాంకు మీద నేనూ తడిశాను. నా జన్మలో అంత ఆనందంగా ఎప్పుడూ తడవలేదు.

కొమురవ్వ వడ్లు నాలుగో రోజుకల్లా లారీ ఎక్కాయి. ఆ లారీ వెనకాలే విచారణ జీపు వచ్చింది. రైతు సంక్షేమ ప్రసంగాన్ని మధ్యలో ఆపి రైతు వడ్లు కాపాడడం చిన్న నేరం కాదు. వచ్చిన అధికారి చెడ్డవాడేమీ కాదు, కాకపోతే ఏదో ఒకటి రాయందే తిరిగి వెళ్లలేడు. ఎవరు చచ్చారని అడిగాడు. ఎవరూ చావలేదన్నారు. మరి చావు జరిగిందని ఎవరు చెప్పారని అడిగాడు. ఊరంతా కాలి బొటనవేళ్లను చూసుకుంది. ఎల్లాగౌడు చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, కొమురవ్వ ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

అధికారి తల ఎత్తి నన్ను చూశాడు. చూడగానే ఆయన ముఖం తేటపడింది.

"మనిషి మాట్లాడితే చర్య తీసుకోవాలి. మిషను మాట్లాడితే రిపేరు రాస్తే సరిపోతుంది" అన్నాడు.

అలా సాంకేతిక లోపం వల్ల లౌడ్ స్పీకరు దానంతటదే తప్పుడు ప్రకటన చేసిందని తేలింది. ఇన్నేళ్లలో నా సొంత మాట ఒక్కటీ పలకనిదాన్ని, ఆ ఒక్క మంచి మాటా నాదేనని రాసి నన్ను కిందికి దించారు. ఎల్లాగౌడు నౌకరి నిలిచింది. నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. కానీ దించేటప్పుడు ఆయన నా సొట్టను అరచేత్తో తుడిచాడు, అక్కడితో నా కోపం పోయింది.

నా చోట నాలుగు కొత్త స్పీకర్లు వచ్చాయి. తళతళలాడే ఆ నాలుగింటినీ నాలుగు దిక్కులకూ పెట్టారు. ఆఫీసులో ఇనుప పెట్టె బిగించి, దాన్ని సరాసరి జిల్లాకు కలిపారు. నేను ఆఫీసు వెనకాల విరిగిన కుర్చీల కుప్పలో పడ్డాను. నా వెనక భాగంలోని రాగి తీగనూ, లోపలి గొట్టాన్నీ ఎవరో పీక్కుపోయారు. మూతీ, దాని వెనక ఒక బొక్కా మిగిలాయి.

మరుసటి యాసంగిలో మళ్లీ అదే కథ. మళ్లీ తేమ, మళ్లీ సంచులు, మళ్లీ మబ్బు. కొమురవ్వ ఉరికి వచ్చింది. ఎల్లాగౌడు ఆమెను పెట్టె దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. దానికి లైట్లున్నాయి, తాళం ఉంది. మైకు లేదు.

"మనం మాట్లాడేది ఎక్కడ?" అని అడిగింది ఆమె.

"మనం ఇనేదే అక్కా. మాట్లాడేటిది వాళ్లు తీసేసిండ్రు" అన్నాడు ఎల్లాగౌడు.

ఇద్దరూ చెరో వాడకు పరుగెత్తి తలుపులు కొట్టారు. వచ్చినవాళ్లు వచ్చారు. వాన అంతకన్నా ముందే వచ్చింది. తడిసిన వడ్లు మూడు రోజుల్లో తెల్లగా మొలకెత్తాయి. వాటిని మిల్లువాళ్లు అడిగిన ధరకే ఇచ్చేసింది. భూమిని ఆసామి వేరేవాళ్లకు ఇచ్చాడు. ఆ సంగతి ఎల్లాగౌడుకు చెప్పడానికి వచ్చినప్పుడు ఆమె నన్ను కుర్చీల కుప్పలో చూసింది. దేనికైనా పనికొస్తుందని అడిగి చంకన పెట్టుకుని తీసుకెళ్లింది.

ఇప్పుడు ఆమె ఇంటి ముందున్నాను. నన్ను గరాటులా మూతి పైకి తిప్పి, వెనకాలి బొక్కను సంచి మూతిలో దూర్చి కోడలు పట్టుకుంది. తడవకుండా మిగిలిన తిండిగింజల్ని కొమురవ్వ చేటతో నా మూతిలో పోస్తోంది. ట్యాంకు మీదనుంచి కొత్త స్పీకర్లు నాలుగూ ఈ సీజన్లో కొనుగోళ్లు విజయవంతంగా ముగిశాయని, రైతుల కళ్లలో ఆనందం కనిపిస్తోందని చెబుతున్నాయి. చెప్పనీ, నేనూ అలాగే చెప్పాను. ఇన్నేళ్లూ నాలోంచి వడ్ల గురించి మాటలే వచ్చాయి, ఇవాళ వడ్లు వస్తున్నాయి. ఇంకా చాలా వస్తాయనుకున్నాను. రెండో సంచి సగానికి రాకముందే కొమురవ్వ చేట దులిపేసింది.