మూడు పేరాల దాహం

పొడుగాయన బ్లాగులో కొత్తది పెట్టిన రోజు వీధి కుళాయి దగ్గర కొట్లాట తప్పేది కాదు. పొద్దున్నే పంచర్ షాపు తెరిచి, ఫోనులో నాలుగు పేరాలు రాసేవాడు. యుద్ధంలో పదకొండు మంది సైనికులు ఒక గుంతలో చుక్క నీళ్లు లేకుండా గడిపిన మూడు రోజుల గురించే ఎప్పుడూ. వాళ్లలో బతికింది ఇద్దరు, ఆయనా, వంటవాడూ. వంటవాడు కూడా అదే బ్లాగులో రాసేవాడు. చదివినవాళ్లకి సాయంత్రం దాకా దాహం తీరేది కాదు. ఆ ఇద్దరికి మాత్రం ఏమీ అయ్యేది కాదు. వాళ్ల వంతు దాహం ఆ గుంతలోనే అయిపోయింది.

"పారిపోయొచ్చినవాడికి రాతలొకటి! ఇంటిల్లిపాదీ నాలుక పిడచకట్టి చస్తున్నాం," అని ఎదురింటి టైలరమ్మ మీదికొచ్చింది.

"చదవకండి మరి," అంది పొడుగాయన భార్య.

"చదవకపోతే ఏం కూశాడో ఎలా తెలుస్తుంది?"

పారిపోయాడన్నది వాళ్ల దళం కెప్టెన్ మాట. తాను చివరిదాకా గుంతలోనే ఉన్నాననీ, పొడుగాయనే కాపలా వదిలేశాడనీ సైనిక విచారణలో చెప్పాడు. బ్లాగులో ఉన్నది వేరు. మొదటి రోజే కెప్టెన్ నీళ్ల డ్రమ్ముతో సహా జీపెక్కి పోయాడు. వంటవాడి సాక్ష్యాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. వచ్చే సోమవారం తీర్పు. నేరం రుజువైతే పదేళ్ల జైలు.

శనివారం కెప్టెన్ షాపు ముందు కారు దిగాడు. బ్లాగు మూయించే నోటీసుతో విచారణ గుమాస్తా కూడా వచ్చాడు.

"ఏ వాక్యం అబద్ధమో చెప్పండి సార్, రాసుకుంటాను," అన్నాడు గుమాస్తా కెప్టెన్‌తో.

"ఈ చెత్త నేనెప్పుడూ చదవలేదు."

"చదవాలి సార్. రూలు."

కెప్టెన్ ఫోను లాక్కుని పైకే చదివాడు. మూడో పేరాలో ఆగిపోయాడు. పెదాలు తడుపుకున్నాడు.

"కాసిని మంచినీళ్లు ఇస్తారా?"

ఎవరూ కదల్లేదు. చివరికి పొడుగాయన భార్యే సీసా అందించింది. గటగటా తాగి, ఇంకోటి అడిగాడు.

"ఎండ మండిపోతోంది," అన్నాడు కెప్టెన్.

"మబ్బేసింది సార్," అన్నాడు గుమాస్తా. నోటీసు మడిచి జేబులో పెట్టుకుని, తెల్లకాగితం తీసి టైము వేశాడు. కింద ఒకటే ముక్క రాశాడు: 'మూడు పేరాలకే నీళ్లడిగారు.'

సోమవారం ఆ కాగితం చూసి అధికారులు పొడుగాయన మీద కేసు కొట్టేశారు. కెప్టెన్‌ని సాయంత్రానికల్లా పట్టుకుపోయారు.

టైలరమ్మ తప్పయిందని అనలేదు. షాపు ముందు ఆగి, "ఆ డ్రమ్ములో ఎన్ని లీటర్లు పట్టేవి?" అంది.

"రెండొందలు," అన్నాడు పొడుగాయన.

ఆవిడ నోట్లో తడి కూడదీసుకుని, కెప్టెన్ కారు ఆగిన చోట ఉమ్మింది.