లెన్సుకొక బొట్టు, బాడీకొక బొట్టు

నేను ఒక కెమెరాని. మే నెల పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు, విశాఖపట్నంలోని ఒక కెమెరాల దుకాణంలో నన్ను ఇచ్చేసి కొత్తదాన్ని తీసుకున్నారు. నేను తీసే ప్రతి ఫొటోలో కుడివైపు పైన ఒక మచ్చ పడుతోందన్నది కారణం. ఆ మచ్చ నాది కాదు.

నన్ను థాయ్‌లాండ్‌లో ఒక కర్మాగారంలో బిగించారు. అక్కడ పనివాళ్లు తలనుంచి కాలిదాకా తెల్లబట్టలు తొడుక్కుని, గాలిగొట్టాల కింద నిలబడి దుమ్ము దులుపుకుంటే గానీ లోపలికి రానివ్వరు. నా లోపల తపాలా బిళ్లంత పలక ఒకటుంది. దాన్ని సెన్సార్ అంటారు. బొమ్మ పడేది దాని మీదే. దాని మీద నలుసు పడితే ప్రతి ఫొటోలోనూ కనిపిస్తుంది. ఈ సంగతి నాతో వచ్చిన పుస్తకంలో పదకొండో పేజీలో రాసి ఉంది. ఆ పుస్తకం మీది ప్లాస్టిక్ కవరు ఈనాటికీ ఎవరూ చింపలేదు.

నన్ను కొన్నది విజయనగరంలో ఒక ఆఫీసు సూపరింటెండెంటు గౌరినాయుడు. ఆయన భార్య సుభాషిణి హైస్కూల్లో సోషల్ టీచరు. ఆరేళ్లలో వాళ్లతో తేలినీలాపురం కొంగల దగ్గరికి వెళ్లాను, హంపి వెళ్లాను, చిత్రకోట జలపాతానికి వెళ్లాను. ఫొటోలు తీసేది ఆయన. మెడలో వేసుకుని మోసేది ఆవిడ. ఆయన చెయ్యి చాపితే ఆవిడ అందించేది. తీసి మళ్లీ ఆవిడకే ఇచ్చేవాడు. ఇంటికొచ్చాక "కెమెరా బరువెక్కువ" అనేది మాత్రం ఆయనే.

మేఘాలయలో బతికున్న చెట్ల వేళ్లను నదికి అడ్డంగా అల్లి కట్టిన వంతెనలున్నాయి. సుభాషిణి పద్నాలుగేళ్లుగా ఒక మసక బొమ్మ చూపించి పిల్లలకు వాటి గురించి చెబుతోంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు "మీరు చూశారా టీచర్?" అని అడుగుతారు. లేదని చెబుతుంది. ఈసారి తన జీతంలోంచి దాచి, మే ఇరవై ఆరుకి ఇద్దరికీ గువాహటి టికెట్లు తీసింది.

ఇక మచ్చ సంగతి. అంతకుముందు దసరాకి ఆయుధపూజ చేశారు. పీట మీద స్కూటరు తాళాలు, కుట్టుమిషను, మిక్సీ, నేను. బొట్లు పెడుతున్నది తవిటినాయుడు, గౌరినాయుడి చెల్లెలి భర్త. ఊళ్లో ఫ్లెక్సీల షాపు ఉంది. నా ఒంటి మీది రబ్బరుకి కుంకుమ అంటలేదు.

"బావా, లెన్సు వేరు, బాడీ వేరు కదా?" అన్నాడు.

"వేరే. తిప్పితే ఊడొస్తాది."

"మరైతే రెండు పనిముట్లు. ఒకదానికి పెట్టి రెండోదానికి మానేస్తే ఎలాగ? ఊడదియ్."

"అన్నయ్యగారూ, లోపల దుమ్ము పడుతుందేమో" అంది సుభాషిణి.

"కుంకం దుమ్మేటమ్మా? అమ్మవారిది!"

ఊడదీశారు. లెన్సు అంచుకొక బొట్టు. తెరిచిన నా నోటి చుట్టూ ఉన్న ఇనప చట్రానికి ఒకటి. ఆపైన ఇద్దరూ అక్షింతలు చల్లారు. ఫ్యాను తిరుగుతోంది.

కుంకుమ రేణువు పలక మీద పడితే ఫొటోలో ఎర్రగా కనిపించదు. నీడ పడుతుంది కాబట్టి బూడిదరంగులో కనిపిస్తుంది. అందుకే ఎవరికీ గుర్తు రాలేదు. కొంగల ఫొటో ఫ్లెక్సీ సైజులో వేసినప్పుడు మచ్చ చింతగింజంత వచ్చింది. తవిటినాయుడు వేలితో గీకి చూసి, "సెన్సార్ పోయినాది బావా" అని తేల్చాడు. బొట్టు పెట్టిన వేలే అది.

ప్రయాణానికి కొత్త కెమెరా ఎంచడం నెల పట్టింది. తవిటినాయుడు నలభై వీడియోలు చూశాడు. తేలికగా ఉండాలన్నారు. వానకు తడవకూడదన్నారు. ఎగిరే పిట్ట కంటిని దానంతటదే పట్టుకోవాలన్నారు. దుకాణంలో గంటన్నర ఉండి, అయిదు కెమెరాలతో సీలింగు ఫ్యానుని ఫొటో తీశారు. దుమ్ము చొరకుండా రబ్బరు సీళ్లున్నాయని చెబితే తవిటినాయుడు తల ఊపాడు. "అదీ కావాల్సింది. బావ కెమెరాకి అదే లేదు."

నాకు గొంతు లేదు. ఉంటే ఆ రోజు దుకాణం అదిరిపోయేది.

సేల్స్‌మన్ నా లెన్సు తీసి లోపలికి ఒకసారి చూశాడు. పాడైన కెమెరా కింద రాసుకున్నాడు.

ఎంచిన కెమెరాకి డబ్బు చాలలేదు. ప్రయాణానికి ఉంచింది తియ్యాలన్నాడు గౌరినాయుడు.

"వంతెన ఎక్కడికీ పోదు సుభా. వచ్చే ఏడు మంచి కెమెరాతో వెళ్దాం."

"నేను చూడ్డానికి వెళ్తానన్నాను. ఫొటోకి కాదు."

"ఫొటో లేకపోతే వెళ్లినట్టేటమ్మా?" అని తవిటినాయుడు నవ్వి, తన ఫోన్లో టికెట్లు క్యాన్సిల్ చేశాడు. పన్నెండూ ఇరవై అయింది. సుభాషిణి తన ఖాతాలోంచి డబ్బు కట్టింది. బిల్లు ఆవిడ పేరు మీద వచ్చింది.

కొత్త కెమెరా తెరకి అద్దం అతికిస్తుండగా, వెనక గదిలో రిపేరు చేసే జిలానీ నన్ను బల్ల మీద పెట్టి, గాలి బుడ్డితో నాలుగుసార్లు ఊదాడు. ఒక ఫొటో తీశాడు. మచ్చ లేదు. బల్ల మీద పరిచిన తెల్లకాగితంతో బయటికొచ్చాడు. దాని మీద ఎర్రటి రేణువు.

"కుంకుమ సార్. సెన్సార్ బాగానే ఉంది."

గౌరినాయుడు తవిటినాయుడి వైపు చూశాడు. తవిటినాయుడు ఫ్యాను వైపు చూశాడు.

"టికెట్లు మళ్లీ తియ్యండి అన్నయ్యగారూ" అంది సుభాషిణి.

తీయబోయాడు. వెయిటింగ్ లిస్టు నూట నాలుగు. కొత్త కెమెరా తిరిగి తీసుకోవడం కుదరదన్నాడు సేల్స్‌మన్. కవరు చింపేశారట. ఈసారి మాత్రం చింపారు.

నన్ను పాతవాటి అరలో పెట్టారు. అయిదు నెలలున్నాను. దసరా వెళ్లిన మూడో రోజు ఉదయం పదకొండింటికి ముగ్గురూ మళ్లీ వచ్చారు. కొత్తదాంట్లో మచ్చ.

జిలానీ లెన్సు తీశాడు. చట్రం మీద బొట్టు అలాగే ఉంది. ఈసారి తడిపి పెట్టారు.

"ఈ రకంలో లెన్సు తీస్తే సెన్సార్‌కి అడ్డం ఏమీ ఉండదు సార్. దుకాణంలో చెప్పలేదా?"

"లెన్సు తియ్యొద్దని చెప్పాను" అంది సుభాషిణి. "పులిహోర కలిపి వచ్చేలోపు తీసేశారు."

"పెట్టకపోతే అరిష్టం కదమ్మా" అన్నాడు తవిటినాయుడు.

జిలానీ కెమెరాలో లెక్క చూశాడు. కొన్నప్పటి నుంచి తీసినవి నూట నలభై మూడు. "ఎక్కడెక్కడికి వెళ్లారు మేడమ్?"

"మా మేడ మీదికి."

తుడిచాక ఆవిడ అరలోకి చూసి నన్ను తియ్యమంది. మెడలో వేసుకుంది. బ్యాగులోంచి మే నెల బిల్లు తీసి సేల్స్‌మన్ ముందు పెట్టింది.

"బిల్లు నా పేరు మీదుంది. కొత్తది వాడినదాని ధరకే మీరు తీసుకోండి. ఇది నాకివ్వండి. మిగిలింది నా ఖాతాలో వెయ్యండి."

"ఏటి సుభా, నష్టం కదా" అన్నాడు గౌరినాయుడు.

"మీరు వీడియోలు చూసుకోండి."

"బావా, చెప్పవేటి?" అన్నాడు తవిటినాయుడు.

"నువ్వు ఊరుకోవోయ్" అన్నాడు గౌరినాయుడు.

సేల్స్‌మన్ బిల్లు రాశాడు. సుభాషిణి ఫోను తీసి అక్కడే నిలబడి టైపు చేసింది. మెడలో ఉన్నాను కాబట్టి తెర నాకు కనబడింది. డిసెంబరు నాలుగు, విశాఖపట్నం నుంచి గువాహటి. ప్రయాణికులు ఒకరు. వయసు నలభై ఆరు. కన్ఫర్మ్డ్.