నునుపు వైపు

పొద్దుటి నుంచి యదీరా కాళ్లు నేల మీద నిలవడం లేదు. తను రాసి, తనే నడిపిస్తున్న మొదటి నాటకం రేపే. శాన్ ఆంటోనియోలో, పుట్టి పెరిగిన పేటలోనే. క్రిస్మస్ ముందు ఇద్దరు స్నేహితురాళ్లు వంటింట్లో మొక్కజొన్న ఆకుల్లో పిండి పెట్టి తమాలేలు చుడుతూ పోట్లాడుకుని కలిసిపోయే కథ. ఒకామె సరిహద్దు అవతలి మోంతెర్రే నుంచి వచ్చింది, స్పానిష్‌లో దెప్పుతుంది. ఇంకొకామె ఇక్కడే పుట్టింది, ఇంగ్లీషులో తిప్పికొడుతుంది.

చిక్కల్లా హాలు చూసుకునే ఎవరిస్తో బాబాయ్‌తోనే.

"ముసలమ్మలకు ఇంగ్లీషు రాదు, వాళ్ల మనవలకు స్పానిష్ రాదు. పైన తెర కట్టి అనువాదం వేద్దామమ్మా" అన్నాడు మళ్లీ.

"తెర కడితే అందరూ మెడలెత్తి చదువుకుంటారు బాబాయ్. స్టేజీ మీద నా పిల్లల మొహాలెవరు చూస్తారు?"

"సరే, రిహార్సల్‌కు పేటంతా పిలిచావుగా. హాలు మొత్తం ఒక్కసారి కలిసి నవ్వితే తెర ఊసెత్తను. లేదంటే సాయంత్రం నిచ్చెన వేయిస్తా."

నాటకం మొదలైంది. మోంతెర్రే ఆమె వేషం కట్టిన నోయెమీ దెప్పినప్పుడల్లా ముందు వరసల్లో ముసలమ్మలు విరగబడి నవ్వారు. రెండో వేషం కట్టిన బ్రీసా బదులిచ్చినప్పుడు వెనక కుర్రకారు నవ్వుతూ ఈలలు వేశారు. రెండు నవ్వులూ ఒక్కసారీ కలవలేదు. గోడకానుకున్న ఎవరిస్తో, పక్కన చీకట్లో నిలబడ్డ యదీరా వైపు చూసి కనుబొమలెగరేశాడు.

తమాలేల సీను వచ్చింది. ఇన్నాళ్లూ బంకమట్టితో, కాగితాలతో సరిపెట్టారు. వాసన వెనక వరసదాకా పోవాలని ఇవాళ యదీరాయే మొక్కజొన్న పిండి కలిపి, కండెల మీది ఆకులు నానబెట్టి తెచ్చింది. బ్రీసా ఒక ఆకు అందుకుని, పిండి దట్టంగా పూస్తూ, గడ్డం ఎత్తి నాటకంలోని తన మాట ఇంగ్లీషులో అంది: "ఈ పనిలో నాకెవరూ వంక పెట్టలేరు."

ముందు వరసలో రెఫూహియో అవ్వ లేచి నిలబడి స్పానిష్‌లో కేకేసింది.

"ఓసి పిల్లా, తిరగేశావే! గీతల వైపు పూస్తే ఆకుకే అంటుకుపోతుంది. నునుపు వైపు పుయ్యి."

వెనక నుంచి ఆమె మనవడు ఇంగ్లీషులో అరిచాడు. "అవ్వా, నాకు పడ్డ తిట్లే ఆమెకూనా?"

హాలంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఆ పేటలో ఆ తప్పుకు చేతి మీద గరిటె దెబ్బ తినని పిల్లాడు లేడు, వెయ్యని ముసలమ్మా లేదు.

బ్రీసా మొహం కందిపోయింది. ఆపమందామా అనుకుంటూ యదీరా ఒక అడుగు ముందుకు వేసింది. ఈలోగా నోయెమీ ఆ ఆకు తీసుకుని, పిండి గీకేసి, తిరగేసి, బ్రీసా బొటనవేలు పట్టుకుని నునుపు వైపు పూయించింది. ఇది రాతప్రతిలో లేదు. బ్రీసా ఆ వేలి పిండి తీసి నోయెమీ ముక్కుకు పూసింది. ముందు వరస, వెనక వరస అన్న తేడా లేకుండా మళ్లీ నవ్వులు. యదీరాకు గంతులెయ్యాలనిపించింది.

నాటకం అయిపోయాక బ్రీసా తలొంచుకుని యదీరా దగ్గరికి వచ్చింది. "మా ఇంట్లో కొనుక్కునే వాళ్లమక్కా. ఎప్పుడూ చుట్టలేదు. చెప్పడానికి సిగ్గేసింది."

"ఊరుకో. రేపూ గీతల వైపే పుయ్యాలి" అంది యదీరా.

"పొరపాటున సరిగ్గా పూసేస్తే?"

"ఆ భయం అక్కర్లేదులే" అంది నోయెమీ, ముక్కు తుడుచుకుంటూ. "నీ చెయ్యి నాకు తెలుసు."

స్టేజీ మీద రెఫూహియో అవ్వ అప్పటికే గౌను చేతులు పైకి మడిచి మిగిలిన పిండి ముందు కూర్చుని తమాలేలు చుడుతోంది. ఎవరిస్తో నిచ్చెన భుజాన వేసుకుని సామాన్ల గదివైపు పోతూ ఆగాడు.

"అవి ఉడికిస్తారా, ఊరికే చుడతారా?"

"ముందు ఆ నిచ్చెన లోపల పెట్టిరా బాబాయ్" అంది యదీరా. "తర్వాత చేతులు కడుక్కో."