మాస్టారి పక్క సీటు

పరదాలు కుట్టే మాస్టారిని ఏమన్నా పడతారు గానీ, ఆయన కారును అంటే మాత్రం ఊరుకోరు. అదేమన్నా పెద్ద రథమా అంటే అదీ కాదు. ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. కాస్త పొడుగు మనిషి ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. వీధిలో అందరూ దాన్ని ‘బుడంకాయ’ అంటారు. హారన్ మాత్రం లారీకి ఉండాల్సినంత ఉంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నది దాన్ని చూసే పుట్టిందేమో.

ఇప్పుడు ఆ కారును అన్నది పరాయివాళ్లు కాదు, కన్నకూతురు. ఆమె ఆఫీసు వేళలు మారాయి. రోజూ పొద్దున్నే పిల్లను బడిలో దింపేవాళ్లు కావాలి. మాస్టారు ఎగిరి గంతేశారు. మనవరాలితో రోజూ ఒక షికారు అనుకున్నారు.

“మీరు సరే నాన్నా, ఆ కారే వద్దు,” అంది కూతురు. “బంపరుకీ మోకాలికీ మధ్య జానెడు చోటు లేదు. ఏ లారీ అయినా తగిలిందంటే నుజ్జునుజ్జే. అసలు పెద్ద బళ్లవాళ్లకి అది కనపడను కూడా కనపడదు.”

“పెద్ద బండికి దెబ్బ తగిలే చోటూ పెద్దదే. ఇదైతే సందు చూసుకుని తప్పించుకుంటుంది. ఇన్నేళ్లు మీ అమ్మ ఎక్కలేదా? ఏనాడైనా భయపడిందా?”

“అమ్మ సంగతి వదిలెయ్యండి,” అని ఆమె మాట తుంచేసింది. “రేపు నన్ను ఎక్కించుకుని బడిదాకా వెళ్లి రండి. నమ్మకం కుదిరితే పిల్లని పంపిస్తాను. లేదంటే బడి బస్సే.”

మర్నాడు మాస్టారు కారును పెళ్లికొడుకులా తయారుచేశారు. గుడ్డతో అద్దాలు తుడుస్తుంటే పాత రోజులన్నీ కళ్లముందు తిరిగాయి. వెనక సీటు ఎప్పుడో పీకించేసి అక్కడ బట్టల తానులు సర్దేవారు. పరదాల కడ్డీలు వెనక అద్దం దగ్గర మొదలై, రెండు సీట్ల మధ్యగా వచ్చి, ముందు అద్దానికి ఆనేవి. కడ్డీలకు ఇటు ఆయన, అటు భార్య. కొలతలకు వెళ్లిన చోట ఆయన స్టూలెక్కి టేపు పడితే, ఆవిడ కింద నిలబడి చివర లాగేది. పెద్ద కార్లవాళ్లు వీధి మొదట్లోనే బండి వదిలి కాళ్లీడ్చుకుంటూ వస్తుంటే, బుడంకాయ ఏ ఇరుకు సందులోనైనా దూరి గుమ్మం ముందు ఆగేది. అప్పుడు చూడాలి ఆ మొగుడూపెళ్లాల దర్జా!

కొన్న కొత్తలోనే ఒక సందులో గోడ రాసుకుని పక్క వైపు అద్దం ఊడిపోయింది. మళ్లీ పెట్టించమంటే మాస్టారు వినలేదు. “అద్దానికి నోరుండదు, నీకుంది,” అన్నారు. అప్పటినుంచి మలుపు వచ్చినప్పుడల్లా ఆవిడే కిటికీలోంచి తల బయటికి పెట్టి, అటు చూసి, “పదండి” అనేది. ఆ మాట పడితే చాలు, ఆయన ఇక అటు చూసేవారు కాదు. ఇద్దరికీ మాటామాటా వచ్చి మూతులు ముడుచుకున్న రోజున కూడా ఆ ఒక్క మాట ఆగలేదు. తక్కిన మాటలన్నీ బందు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఒంటరిగా వెళ్లేటప్పుడు మాస్టారు మలుపు దగ్గర ఆగి, ఖాళీ సీటు మీదికి వాలి, మెడ చాచి చూసుకుని మరీ తిప్పేవారు. వెనకవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచినా ఖాతరు చేసేవారు కాదు.

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. భుజానికి భుజం తగిలింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. రొట్టెల దుకాణం ముందు, రెండు పెద్ద బళ్ల నడుమ, సైకిలుకు కూడా చాలదనిపించే చోట కారును దూర్చి ఆపి చూపించారు. కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. గెలిచినట్టే అనుకున్నారు మాస్టారు.

బడి మలుపు వచ్చింది. ఆయన వేగం తగ్గించారు. కూతురు తప్పు పట్టుకుందామని ఆయన కాళ్ల వైపే చూస్తోంది, నోరు మెదపలేదు. మాస్టారు స్టీరింగు తిప్పేశారు.

బ్రేకులు కీచుమన్నాయి. కూతురి తలుపుకు బెత్తెడు దూరంలో నీళ్ల ట్యాంకరు ఆగింది. “నిద్రపోతున్నావా పెద్దాయనా?” అని డ్రైవరు నోటికొచ్చినట్టు తిట్టిపోశాడు. మాస్టారు కారును పక్కకు తీసి ఆపారు.

“అటు చూడలేదా నాన్నా?”

“మీ అమ్మ పదండి అంది కదే.”

అన్న తరవాత ఆ మాట ఆయనకే వినిపించింది. బంపరు మీద, రేకు మీద బోలెడు వాదన సిద్ధం చేసుకుని వచ్చిన కూతురు ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

“ఒక్కణ్ణే ఉంటే చూసుకుంటానే,” అన్నారు మాస్టారు. “సీటు ఖాళీగా కనపడుతుంది కాబట్టి చూస్తాను. పక్కన మనిషి ఉంటే ఇక చూడను. పిల్ల కూర్చున్నా చూడను.”

“అద్దం పెట్టిద్దాం నాన్నా.”

“దాని వంక చూడనివాడికి ఎన్ని అద్దాలు పెడితే ఏం లాభం? పిల్లని నేను నడిపించుకుని తీసుకెళ్తాను. కారు నువ్వు తోలుకో.”

దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీటులో కూర్చున్నారు. ఆ సీటులో కూర్చోవడం ఆయనకు అదే మొదలు. కూతురు కారు కదిలించింది. రోడ్డెక్కగానే ఒక బస్సు ఎడం పక్కనుంచి దూసుకుంటూ వాళ్లను దాటింది. దాని చక్రం ఆయన తలంత ఎత్తున, చెవి పక్కనే తిరుగుతూ పోయింది. మాస్టారు ముడుచుకుపోయారు. లేని బ్రేకును కాలు తొక్కింది.

“మీ అమ్మ ఇక్కడా కూర్చుంది ఇన్నేళ్లూ?”

“ఇక్కడే.”

“భయం వేసేది కాదా?”

కూతురు కొంచెం తటపటాయించింది. “వేసేది నాన్నా. ఇంటికొచ్చేసరికి అరచేతులు తడిసిపోయి ఉండేవి. మానెయ్యమ్మా అంటే వినేది కాదు. ‘ఇంట్లో మిషను మీద తల వంచితే మీ నాన్నకి ఉలుకూ పలుకూ ఉండదు. బుడంకాయలో అయితే ఎటూ కదల్లేరు, నాతో మాట్లాడక ఏం చేస్తారు’ అనేది. మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.”

“అంతగా నేనేం మాట్లాడేవాణ్ణే?”

“గుడ్డల సంగతులేనట. ఏ రంగు ఎండకి వెలుస్తుందో, ఏ బట్ట ఉతికితే కుదించుకుపోతుందో. అమ్మకి అన్నీ నోటికొచ్చు.”

“వాటి కోసమా?” అన్నారు మాస్టారు. “వాటి కోసం ఇక్కడ కూర్చుందా?”

ఆయన కిటికీ వైపు తిరిగి, పెద్దవాణ్ణన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశారు.