పండుం కాని మామిడి

కళావతి ముందున్న ఫారంలో పన్నెండు గడులున్నాయి. ‘మామిడికాయ తిను’ అన్న మాటను కోయలో పన్నెండు రకాలుగా రాయాలి: తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తింటాను... మాట చివర మారితే తిన్న మనిషి మారతాడు, కాలం మారుతుంది. శుక్రవారంలోగా ఫారం భద్రాచలంలోని వాచకాల ఆఫీసుకు చేరితే రెండో తరగతి కోయ వాచకంలో ఒక పాఠం వాళ్ల గూడెం మాటలో అచ్చవుతుంది. లేకపోతే ఏటవతలి ఊరి మాటలో. కళావతి గూడెం బడిలో వాలంటీరు. పిల్లలు తమ ఇంటి మాటను పుస్తకంలో చూడాలని రెండేళ్లుగా ఆఫీసు చుట్టూ తిరిగింది. ఇవాళ గురువారం.

తనూ కోయ పిల్లే. ఏన్కూరు హాస్టల్లో పెరగడంతో మాటల చివర తడబడుతుంది. అందుకే మేనత్త రామక్క దగ్గరికి వచ్చింది. రామక్క వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. గూడెం పూజారి పగిడయ్య అరుగు మీద తాడు పేనుతున్నాడు. ముగ్గురూ మాట్లాడుకున్నది కోయలోనే.

“అత్తా, ‘నేను మామిడికాయ తిన్నాను’ అను.”

“తినలే గద.”

“ఊకె అను. రాసుకుంట.”

“పండుం గాకముందే తిన్ననని నా నోటితోటి చెప్పాల్నా? పూజారిని పక్కన పెట్టుకొని?”

“నన్నెందుకు లాగుతవ్,” అన్నాడు పగిడయ్య.

మామిడి పండుం, అంటే కొత్త మామిడి పండగ, ఆదివారం. ఆ రోజు దేవతకు పెట్టేదాకా గూడెంలో ఎవరూ కొత్త కాయ కొరకరు.

“పోనీ, ‘వాడు తిన్నాడు’ అను.”

“ఎవడు?”

“ఎవడో ఒకడు.”

“ఎవని మీద దొంగతనం మోపమంటవ్ పిల్లా?”

కళావతి పద్మప్రియకు ఫోన్ చేసింది. వాచకం పని చూస్తున్నది ఆవిడే.

“వట్టి ఉదాహరణే కదా కళావతీ. నీకొచ్చినట్టు నువ్వే రాసెయ్.”

రాసింది. సరిగ్గా ఉందో లేదోనని పైకి చదివింది. పగిడయ్య తాడు పేనడం ఆపాడు.

“ఎప్పుడు తిన్నవ్?”

“తినలే తాతా. చదివిన.”

“తిన్ననన్నవ్, అందరం విన్నం. ఆదివారం కోడి తీసుకరా, దండుగ కింద.”

“అన్నమాటన్న సరిగ అన్నదా?” అంది రామక్క. “మన మాటకు తెలుగు తోక తగిలిచ్చింది.”

“మరి సరైంది చెప్పు.”

“తిన్ననాడు చెప్త.”

కళావతి ఫారం దగ్గరికి లాక్కుంది. మామిడికాయ అన్నచోట అడ్డంగా గీత కొట్టింది.

“అత్తా, పొద్దున ఏం తిన్నవ్?”

“గటక తిన్న. నువ్వూ ఈడనే తింటివి. ఈ పూజారి రెండుసార్లు తిన్నడు.”

“రేపేం తింటం?”

“రేపూ గటకే. ఇంకేముంటది?”

పొద్దు వాలేసరికి పన్నెండు గడులూ నిండాయి. ఫోన్లో పద్మప్రియ ఒప్పుకోలేదు.

“మిగతా ఊళ్ల నుంచి మామిడి వాక్యాలే వచ్చాయి. పోల్చాలంటే ఒకటే ఉండాలి.”

“మా పండుం ఆదివారం మేడం. అది కాకుండ మామిడి తిన్నమని అనరు, సోమవారం చెప్తరంట. నేను రాసింది తప్పని అత్త అన్నది. అదే అచ్చయితే పిల్లలు అదే నేర్చుకుంటరు.”

“మాట చివర్లన్నీ వచ్చాయా?”

“పన్నెండూ వచ్చినయి. అత్త అన్నట్టే రాసిన.”

“ఏటవతలి ఊళ్లో పండుం అయిందా?”

“వాళ్లదీ ఆదివారమే మేడం.”

ఫోన్లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“నీది పంపించు,” అంది పద్మప్రియ. “పండుం కాకముందే వాళ్ల మామిడి ఫారం ఎవరు నింపారో నేను కనుక్కుంటాను.”