పులుపు పడ్డ పప్పు

వర్షిణికి డిప్రెషన్ అని చెప్పి మందులు రాసిన డాక్టరు, రోజుకు ఒక్క పని చేసినా చాలన్నారు. పెళ్లయిన ఏడాదిలో ఆమె పొయ్యి వెలిగించింది టీ కోసమే. రెండు నెలలుగా మంచం దిగడమే గగనంగా ఉంది. ఆ ఆదివారం మాత్రం ఎలాగో లేచింది. వైశాలిలోని వాళ్ల రెండు గదుల ఫ్లాట్లో కుక్కర్ కడిగి, కందిపప్పులో చింతపండు పిసికి పోసి, స్టవ్ మీద పెట్టింది. ఓపిక లేక మధ్యలో రెండుసార్లు నేలమీద కూలబడింది. ఎనిమిది కూతలు వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. అయినా తాలింపు పెట్టింది. "నువ్వే చేశావా!" అని భర్త ఒక్క మాటంటే చాలనుకుంది.

సాయిప్రకాష్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "పులుపు ముందే పోశావా?" అని పకపకా నవ్వి, వెంటనే తల్లికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"పులుపు పడ్డాక పప్పు చచ్చినా ఉడుకుతుందట్రా?" అని మాణిక్యాంబ కూడా నవ్వింది. "పోనీలే వర్షిణీ, ఏడవకు. మావాడికి బయటి తిండి అలవాటేగా."

వర్షిణి ఏడవలేదు. "సరే అత్తయ్యా," అంది.

"నీకెందుకీ శ్రమ? బిర్యానీ ఆర్డర్ పెట్టేశా, పడుకో," అన్నాడతను, ప్రేమగానే. పప్పంతా చెత్తబుట్టలో వంపేశాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూ, "పొయ్యి జోలికి వెళ్లకేం," అన్నాడు. ఆమె తలూపి గోడవైపు తిరిగి పడుకుంది.