చైనా సభల మైకు

నేను మైకును. పుట్టింది చైనాలోనే, షెంజెన్‌లోని ఓ కర్మాగారంలో. పేరు తెలియని ఒకమ్మాయి నాలో సన్నని తీగలు అతికించి, మూత బిగించి పంపించింది. ఓడెక్కి, చేతులు మారి, చివరికి విశాఖపట్నంలో ఒక గ్రంథాలయం మేడ మీది హాల్లో తేలాను.

అక్కడ నెలకోసారి చైనా గురించి సభ జరిగేది. ఒక నెల రాజకీయాలు, ఒక నెల వ్యాపారం, ఇంకో నెల పాటలూ పండగలూ. జరిపించేది వకుళ గారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, పట్టుబట్టి చైనా భాష నేర్చుకున్న మనిషి.

వచ్చిన ప్రతి వక్తా ముందు నన్ను వేలితో తట్టేవాడు. తర్వాత "రెండే మాటలు" అని గంటసేపు మాట్లాడేవాడు. చైనా కూలిపోతుందని ఒకాయన, ప్రపంచాన్ని మింగేస్తుందని మరొకాయన. ఇద్దరికీ అంతే నమ్మకం. వాళ్ళ మాటలు మోసీ మోసీ అలసిపోయాను.

సరిహద్దులో ఘర్షణ జరిగి మన సైనికులు చనిపోయిన నెలలో హాలు కిక్కిరిసింది. ఆ రోజు విషయం చైనా జానపద గీతాలు. వకుళ గారు నోరు విప్పకముందే ఒకాయన నన్ను లాక్కుని, చైనా వస్తువులన్నీ తగలబెట్టాలని అరిచాడు. ఆ అరుపును వీధిదాకా చేర్చింది నేనే. చప్పట్లు మోగాయి.

అప్పుడు వెనక వరసలోంచి పైడిరాజు అనే బస్సు డ్రైవరు లేచి వచ్చాడు. నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"మా తమ్ముడు ఆ కొండల్లోనే పోనాడు మేడమ్. ఆళ్ళ పాటలు మాకెందుకు?"

వకుళ గారు చేతిలోని పాటల కాగితం మడిచేశారు. "మీరు వద్దంటే ఇవాళ్టితో ఆపేస్తాను బాబూ," అన్నారు.

అతను తల వంచుకుని నిలబడ్డాడు. "ఆళ్ళ భాషలో తమ్ముణ్ణి ఏటంటారు?"

"తీతి."

ఆ మాటను అతను నా దగ్గర మెల్లగా పలికి చూశాడు. అటువైపు కూడా ఎవరో ఆ మాట అని ఏడ్చే ఉంటారని వకుళ గారు అనలేదు. అనకపోవడమే మంచిదయింది.

"కానీయండి మేడమ్," అని అతను ముందు వరసలో కూర్చున్నాడు.

తర్వాత జనం పలచబడ్డారు. వకుళ గారితో కలిసి సభలు నడిపినవాళ్ళు, ఈ రోజుల్లో మనకెందుకీ తలనొప్పి అని తప్పుకున్నారు. గ్రంథాలయం వాళ్ళు ఇక హాలు ఇవ్వలేమన్నారు. పైడిరాజు మాత్రం వీలైనప్పుడల్లా వచ్చేవాడు. ఆఖరి సభకు అతనొక్కడే వచ్చాడు.

"ఓపిక అయిపోయింది పైడిరాజూ. వెళ్ళిపోదామా?"

"డూటీ మార్చుకొని వచ్చేనమ్మా. చెప్పండి."

వకుళ గారు నన్ను ఆపేసి, వేదిక దిగి, అతని పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆపేస్తే నాకేమీ వినిపించదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకసారి అతను కళ్ళు తుడుచుకోవడం, ఆవిడ నవ్వడం చూశాను.

ఇప్పుడు బీరువాలో, విరిగిన ఫ్యాను రెక్కల పక్కన పడి ఉన్నాను. ఇన్ని సభల్లో, వినాలని నాకు అనిపించింది అదొక్కటే.